ఉప్పు బస్తా, నా కుడికాలు

నార్కట్‌పల్లిలో రోడ్డు మీద మాకు కిరాణం దుకాణం ఉండె. ఉప్పు అంటే లక్ష్మి అని మా అత్త పట్టుదల. బెల్లం ముద్దలైనా, నూనె డబ్బాలైనా ఎట్ల జరుపుకున్నా ఏమనకపోయేది గని, ఉప్పు బస్తాను మాత్రం నేల మీద గుంజొద్దు, దొర్లియ్యొద్దు. ఎత్తుకొనే లోపలికి తేవాలె.

ఒక శుక్రవారం పొద్దున హమాలీ రాకముందే మా ఆయన ఒక్కడే ఆ బస్తా ఎత్తిండు. గడప దాటి దించిండు గని, తను లేవలేదు. వంగినోడు వంగినట్లే బియ్యం బస్తాల మీద బోర్లా పడ్డడు.

"నడుము పట్టింది" అన్నడు సన్నగ.

మళ్ల లేచి నడుస్తడా, లేదా అని నాకు ఒకటే ఫికర్.

అత్త నా దిక్కు చూసింది. నేను కాళ్లు ముందుగ పుట్టిన బిడ్డను. అట్ల పుట్టినోళ్లు తంతె పట్టిన నడుము ఇడుస్తదని మా దిక్కు నమ్మకం.

"తన్ను బిడ్డా."

"రోజు మొక్కే మనిషిని ఎట్ల తన్నాలె అత్తా?"

"మొక్కే తన్ను. ఎవరొద్దన్నరు?"

సామానుకు వచ్చిన ఆడోళ్లు చింతపండు పొట్లాలు పక్కన పెట్టి ముందుకు జరిగిండ్రు. ఆయన పాదాలకు దండం పెట్టి, గుట్టకొస్తమని శివయ్యకు మొక్కుకొని, కండ్లు మూసుకొని కాలు ఆనిచ్చిన.

"తన్నినవా, ఈగ వాలిందా?" అన్నడు ఆయన, బస్తాలో మొహం పెట్టి.

అందరికీ నవ్వొచ్చింది. నాకూ రాకూడని నవ్వు వచ్చింది. ఆ నవ్వుకే రెండోసారి కాలు తప్పి బస్తాకు తగిలింది.

"బియ్యానికి నడుము నొప్పి పోయిందే వదినా" అన్నది ఒకామె.

"జర గట్టిగ తన్ను పిల్లా, అన్నం తింటలేవా?" అని అత్త గద్దించింది.

మూడోసారి ఉన్న బలమంత తెచ్చుకొని తన్నిన. ఆ ఊపుకు నేనే ఆయన మీద పడ్డ. ఆయన "అవ్వో" అని మొత్తుకొని, నన్ను పక్కకు తోసి, గోడ పట్టుకొని నిలబడ్డడు. నిలబడ్డ సంగతి ఆయనకే ఎరుక లేదు.

"ఎందుకు గట్ల చూస్తున్నరు నన్ను?" అన్నడు.

అప్పుడు ఏడుపూ నవ్వూ ఒక్కతీరుగ వచ్చినయి నాకు.

పదిహేను దినాలు ఆయనను బరువు ముట్టనియ్యలేదు. అత్తే గోనెసంచులు పరిచి, ఉప్పును వాటి మీద గుంజుమన్నది. తర్వాత సోమవారం మొక్కు తీర్చుకోవడానికి గుట్టకు పోయినం. ఆయన మెట్లు తనంతట తానే ఎక్కుతుంటే, ఒక్కొక్క మెట్టుకు ఒక దండం పెట్టుకుంట వెనుక నడిచిన.

సగం దూరం పోయినంక ఆయన ఆగిండు.

"నువ్వు ముందు నడువు" అన్నడు. "ఆ కాలు నా వెనుక వస్తుంటే నాకు దేవుని మీద మనసు నిలుస్తలేదు."