ఓబులేసు ఊళ్లో కివి కూత

మా చెల్లెలు సుబ్బమ్మకు బనగానపల్లె దగ్గరి పల్లె నుంచి సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు ఓబులేసు యుద్ధంలో ఇటలీ దాకా వెళ్లి వచ్చాడట. ఆ ‘అట’ నాకు మింగుడు పడలేదు. యుద్ధం ముగిసి పదేళ్లు కావస్తోంది. ఇన్నాళ్లూ పెళ్లెందుకు చేసుకోలేదన్నది ఇంకో అనుమానం. కోతలు కోసేవాడి చేతిలో పిల్లనెలా పెడతాం? తాంబూలాలకు ముందే సంగతి తేల్చుకోవాలని ఒక్కణ్ణే బయలుదేరాను.

కర్నూలులో తెల్లవారుజామున బస్సెక్కితే నంద్యాల మీదుగా బనగానపల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కణ్ణుంచి ఎద్దులబండి. తోలే పెద్దాయన ఎనిమిదణాలు అడిగాడు. కూపీ లాగవచ్చని బేరమాడకుండా ఎక్కాను.

“ఓబులేసు నిజంగా ఇటలీ వెళ్లాడా?”

“నేనేమన్నా చూసినానా అప్పా! మాకైతే కివి తెచ్చినాడు. మా ఊర్లో కోళ్లను పిలిచేది అట్లే.”

నా అనుమానం గట్టిపడింది. కివి అనే పక్షి బొమ్మను బూటు పాలిష్ డబ్బా మీద నేనూ చూశాను. కర్నూలు బజారులో దొరికే డబ్బా కోసం ఇటలీ దాకా పోవాలా?

పొద్దు వాలే వేళకు ఓబులేసు ఇల్లు చేరాను. పెరట్లో వాళ్లమ్మ “కీ... వీ...” అని సన్నగా, చివర సాగదీసి పిలుస్తోంది. ఎక్కడెక్కడి కోళ్లూ పరుగెత్తుకొచ్చి గూట్లో దూరాయి. ఓబులేసు మంచం వాల్చి నీళ్లిచ్చాడు. నేను మొహమాటపడకుండా అడిగేశాను.

“ఈ కివి పాలిష్ డబ్బా మీదిదే కదా?”

అతనికి కోపం రాలేదు. “డబ్బా తర్వాత చూసినాలే అన్నా. మా పక్కన న్యూజిలాండు పటాలం ఉండె. వాళ్లను అందరూ కివీలనే పిలుస్తాండ్రి. ఆ పేరు ఆ దేశంలో మొదటి నుంచి ఉండే మావోరీలదంట. పిట్ట ఎట్ల కూస్తే అదే పేరంట. వాళ్లలో ఒకడు నాకు దోస్తు. నన్ను పిలవాలంటే అట్లే కూస్తాండె.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“ఆడ ఇటలీలోనే, ఒక కొండ కింద మట్టిలో ఉండిపాయ. ఇంటికొచ్చినంక పొద్దు గూకితే వానికోసం కూస్తాంటి. కోళ్లు వస్తాండె.”

ఇన్నాళ్లూ పెళ్లెందుకు చేసుకోలేదని ఇక అడగాలనిపించలేదు. వాళ్లమ్మ తలుపు దగ్గరికొచ్చి, “శానా పొద్దుపాయ, అన్నం తిని ఈడనే పండుకోప్పా” అంది. “పద బావా, తిందాం” అన్నాను. తాంబూలాలు నా వరకు అప్పుడే అయిపోయాయి.

ఇప్పుడు సుబ్బమ్మ పుట్టింటికి వచ్చినప్పుడు మా కోళ్లనూ అలాగే పిలుస్తుంది. అవి తల కూడా తిప్పవు. అయినా ఆ పిలుపు వింటే ఎవరో దూరం నుంచి రావాల్సినవాళ్లు ఉన్నట్టు నేను వాకిలి వైపు చూస్తాను. ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: సాయంత్రం తిరుగు బస్సు దొరకదు, రాత్రి పడకకు ఏర్పాటు చూసుకునే వెళ్లండి. పొద్దు గూకాక ఆ ఊళ్లో ఓ మగగొంతు “కీ... వీ...” అంటే, కోళ్ల కోసం అనుకోకండి.