మూడు ఫ్లెక్సీలు, ఒక ఎగ్జిట్

శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటలు. సౌదీవాళ్లకే ముందు ఉద్యోగాలనే నితాఖాత్ చట్టం వచ్చాక, కాగితాలు సరిగా లేనివాళ్లు వెళ్లిపోవడానికి ఇచ్చిన గడువు ముగిసే రోజులు. రియాద్‌లో మా క్యాంపు గది ముందు ముగ్గురు పెద్దమనుషులు చుట్టిన ఫ్లెక్సీలు చంకన పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. ముగ్గురినీ ఒకే వేళకు పిలిచింది నేనే. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పలేదు.

లోపల మంచం మీద మా టైల్స్ మేస్త్రి. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. గడువులోపల దేశం వదలడానికి ఎగ్జిట్ ముద్ర పడకపోతే ఇల్లు చేరేదెప్పుడో దేవుడికే తెలియాలి. సాయం చేస్తామన్నవాళ్లకు కరువు లేదు. తెలంగాణ సంఘం పెద్ద, కోస్తా సంఘం కార్యదర్శి, ఆపదలో ఉన్నవాళ్ల కోసమని ఫోన్లో యాప్ చేసిన ఇంజనీరు. ముగ్గురూ విడివిడిగా మా యజమాని కఫీల్ తరఫున కాగితాల పనులు చూసే మందూబ్ దగ్గరికి పోయి, "ఇతన్ని మేమే పంపిస్తాం, వేరేవాళ్లకు పాస్‌పోర్టు ఇవ్వొద్దు" అని చెప్పి వచ్చారు. అతను ముగ్గురి మాటా విన్నాడు, ఎవరికీ ఇవ్వలేదు.

నేను ముసలితనంలో అక్షరాలు దిద్దినవాణ్ణి, మెత్తగా రాయడం రాదు. అప్పట్లో వాళ్లకు సేవ అంటే, ఫ్లెక్సీ ముందు నిలబడి టికెట్ చేతికిస్తూ దిగే ఫోటో.

"వీళ్లు గూడ వస్తరని చెప్పలేదేందే కాకా?" అన్నాడు సంఘం పెద్ద.

"చెప్తే నువ్వొస్తుంటివా?"

"బాబాయ్, మేం ఫోటో దిగి వెళ్లిపోతామండి. తర్వాత వాళ్లిష్టం," అన్నాడు కార్యదర్శి.

"మీరిద్దరూ డీటెయిల్స్ నా యాప్‌లో పెట్టుంటే ఈ గొడవే ఉండేది కాదు," అన్నాడు ఇంజనీరు.

"పెడితే మేం చేసిన పనంత నీ పేరు మీద పోతది!"

లోపలి నుంచి మేస్త్రి అరిచాడు. "లొల్లి తర్వాత పెట్టుకోండ్రి. ముందుగల్ల నన్ను బాత్రూంకు తీస్కపోండ్రి!"

రోజూ ఎత్తే మా గదివాళ్లు బజారుకు పోయారు. ఫ్లెక్సీలు కింద పెట్టించి, ముగ్గురికీ దుప్పటి అంచులు అప్పగించి, నాలుగోది నేను పట్టుకున్నాను. ఎవరికివారు లేపబోయారు. మేస్త్రి ఒక పక్కకు ఒరిగిపోయాడు.

"గ్రానైటు పలక ఎన్నడన్న ఎత్తిండ్రా? ఒక్కడు ముందుగాల లేపితే పగుల్తది. అందరొక్కపారి!" అని కసిరాడు మేస్త్రి.

అందరం ఒక్కసారిగా ఎత్తాం. మళ్లీ తెచ్చి పడుకోబెట్టేసరికి అందరికీ చెమటలు.

"ఈయన ఒంటరిగా ఎలా వెళ్తాడండీ?" అన్నాడు కార్యదర్శి, నెమ్మదిగా. "టికెట్‌కి దాత దొరికాడు గానీ, తోడు లేకపోతే విమానంవాళ్లు ఎక్కించుకోరట."

"నేను వచ్చేవారం లీవ్ మీద హైదరాబాద్ వెళ్తున్నా," అన్నాడు ఇంజనీరు.

సంఘం పెద్ద మెడ గోక్కున్నాడు. "మందూబ్ నా దోస్తే. మీరు అడ్డం రాకుంటే పాస్‌పోర్టు ఎప్పుడో ఇస్తుండె."

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"నువ్వడిగినవా?"

నాకు నవ్వు ఆగలేదు. మేస్త్రి వంకర మూతితోనే నవ్వాడు.

ఆదివారం ముగ్గురూ ఒకే కారులో పోయారు. మందూబ్ ఎగ్జిట్ కొట్టించి పాస్‌పోర్టు ఇచ్చాడు. గడువు దాటకముందే మేస్త్రి ఇంజనీరు పక్క సీట్లో కూర్చుని ఇల్లు చేరాడు. తర్వాత కుటుంబాల మీద సర్కారు లెవీ పన్ను పడ్డ ఏళ్లలో కష్టం ఎవరికొచ్చినా ఆ ముగ్గురు ముందు ఒకరికొకరు ఫోన్ చేసుకునేవారు. ఫ్లెక్సీలో ఎవరి పేరు పైన ఉండాలనే తగువు మాత్రం తెగలేదు. తెగకపోయినా పని ఆగలేదు.

ఆ శుక్రవారం ఆ గదిలో ఉన్నవాళ్లం, పైనా కిందా కాకుండా ఒకే వరసలో: తెలంగాణ సంఘం పెద్ద, కోస్తా సంఘం కార్యదర్శి, యాప్ ఇంజనీరు, నేను, మా టైల్స్ మేస్త్రి.