పంతులు పెట్టని రంగుబొట్టు

మా నాటకాల పంతులు పోయాడని మంథని బస్సు కండక్టర్ చెప్పాడు. మంచివాడు పోయాడని రాయమంటే నేను రాయను. మొండిమనిషి పోయాడు.

నాకు చదువు అంతంతే. నాలుగు పద్యాలు నోటికి వచ్చాయంటే ఆయన వల్లే. మంథని నుంచి బస్సులో గోదావరిఖని వచ్చి, బొగ్గుగనిలో షిఫ్టు దిగిన మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, తప్పు పాడినవాడి తొడ గిల్లి మరీ నేర్పేవాడు. అది కాదనను. కానీ ఆయన పట్టింపులున్నాయే! రంగు వేసుకునే గదిలో ఈల వేయొద్దు. కిరీటం నేల మీద పెట్టొద్దు. రంగులో మొదటి బొట్టు ఆయనే బొటనవేలితో నుదుట పెట్టాలి. అది లేకుండా రాజు స్టేజీ ఎక్కితే నాటకం మునుగుతుందట.

రాజు వేషం నాది. ఆరు నెలలు నేర్చుకున్నాను. నాటకం రోజు డ్యూటీ దిగి, మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కుని ఆయన ముందు కూర్చున్నాను. వేలు నా నుదుటి దాకా తెచ్చి ఆపాడు.

“కండ్ల చుట్టు గా నలుపేందిరా? కాటుకనా?”

“బొగ్గు పంతులూ. రెప్పల్ల దిగింది. పోదు.”

“బొగ్గు మీద బొట్టు అచ్చిరాదు. లే.”

“బొగ్గు తవ్వెటోళ్లతోని నాటకమాడిచ్చుకుంట గదేం మాట?”

వేలు వెనక్కి తీసుకున్నాడు. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడొకడికి బొట్టు, కిరీటం. నాకు ద్వారం దగ్గర బల్లెం.

వాడు రెండో పద్యానికే నోరు తెరిచి నిలబడిపోయాడు. నేను బల్లెం పట్టుకునే వెనక నుంచి పద్యమంతా ఎత్తి పాడాను. జనం వన్స్‌మోర్ అని అరిచారు. తెర దిగాక పంతులు ఏమన్నాడో తెలుసా?

“చూసిండ్రా? నా బొట్టు వాన్ని కాపాడింది.”

ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్లు.

కండక్టర్ ఈ కబురు చెప్పిన బస్సులోనే మంథని పోయాను. పంతుల్ని వాకిట్లో పడుకోబెట్టారు. ఆయన బిడ్డ రంగు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

“కాకా, నాయన ఇది నీకియ్యమన్నడు.”

“ఏమన్న జెప్పిండా?”

“మొఖం కడుక్కొని ముట్టుకొమ్మన్నడు.”

పోతూ పోతూ కూడా పట్టింపు వదల్లేదు!

నేను కడుక్కోలేదు. పని మానేసి ఇన్నేళ్లయినా రెప్పల నలుపు పోలేదు, ఇప్పుడేం పోతుంది? ఇంటికి తెచ్చి మూత తీశాను. రంగు ఎండి పగుళ్లిచ్చింది. నడుమ ఆయన బొటనవేలి గుంట అట్లాగే ఉంది. రోజూ మూత తీసి, నా వేలు దాని మీది దాకా తీసుకుపోతున్నాను. ఇంకా పెట్టలేదు.