అమ్మ పోయిన రోజు నేను చేసిన డ్యూటీ

పోయిన ఎండాకాలం ఫేస్‌బుక్‌లో ఒకామె నాకు మెసేజ్ పెట్టింది. "అక్కా, ట్రంకు ఎక్స్ఛేంజిలో నా పక్క బోర్డులో కూర్చుంటాంటివే, ఆ అక్కవేనా నువ్వు?" ఫోటోలో జుట్టంతా నెరిసిపోయింది గానీ ఆ నవ్వు చూడగానే గుర్తుపట్టాను. కడప జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఇద్దరం టెలిఫోన్ ఆపరేటర్లం. ఎవరు ఏ ఊరికి ఫోన్ చేయాలన్నా ముందు మాకు చెప్పాలి, మేం తీగలు కలపాలి. ఆ బోర్డులు పోయాక మమ్మల్ని తలా ఒక ఆఫీసుకు పంపేశారు. నేను కర్నూలుకొచ్చి ఇక్కడే రిటైరయ్యాను. మేం మాట్లాడుకుని ముప్పై ఏళ్లు దాటింది.

ఆమె నన్ను పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో చేర్పించింది. మొదట్లో అన్నం మాడిపోతున్నా ఫోన్ కింద పెట్టేదాన్ని కాదు. ఒకాయన బనగానపల్లెలో తన తోట మామిడికాయల ఫోటోలు పెట్టేవాడు. ఒకామె మోకాళ్ల ఆపరేషన్ గురించి రోజూ చెప్పేది. అందరం కలిసి ఒకసారి మహానందికి పోదాం, నువ్వు కోనేట్లోకి దిగకపోయినా గట్టు మీద కూర్చుందువులే అని నాతో వేళాకోళమాడారు. మాది చర్చికి పోయే ఇల్లని వాళ్లందరికీ తెలుసు. నాకూ నవ్వొచ్చింది.

తర్వాత ఒక ఉదయం ఆ పోస్టు వచ్చింది. రాసింది గ్రూపు నడిపే మనిషి, మాతో పాటే పని చేసినవాడు. మా పాత సూపర్‌వైజరుకు ఎనభై ఏళ్లు నిండుతున్నాయట, కడపలో సన్మానమట. శాలువా కప్పుకున్న ఆయన ఫోటో కింద ఇలా ఉంది: "క్రమశిక్షణ అంటే ఏమిటో సార్ దగ్గరే నేర్చుకున్నాం. మన అక్క ఒకరు, కన్నతల్లి చనిపోయిందని తెలిసి కూడా షిఫ్టు అయ్యేదాకా బోర్డు వదల్లేదు. సార్ నేర్పిన అంకితభావం అది." దాని కింద వరసగా దండాలు, చప్పట్లు. "గ్రేట్ అక్కా" అని ఒకరు.

ఒళ్లు మండిపోయింది. ఎవరు వదల్లేదు? ఎవరిది అంకితభావం?

ఆ రోజు జరిగింది చెబుతాను. మా ఊరు కోసిగి. పొద్దున డ్యూటీకి కూర్చున్న కాసేపటికి మా ఊరి పక్క ఆదోని నుంచి వచ్చిన కాల్ అందుకుంటే, అవతల మా అన్న. "అమ్మ పోయింది పాపా, బిరీన రా" అన్నాడు. హెడ్‌సెట్ తీసి సూపర్‌వైజరు టేబుల్ దగ్గరికి పరిగెత్తాను. గుంతకల్లు మీదుగా మా ఊరికి పోయే రైలు ఇంకో గంటకు ఉంది. అది ఎక్కితే చీకటి పడకముందే అమ్మ దగ్గర ఉండేదాన్ని. ఆయన తలెత్తలేదు. "నీ బోర్డు ఎవరు చూస్తారు? షిఫ్టు అయినాక పో" అన్నాడు. కాళ్లు పట్టుకోబోయాను. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. మళ్లీ వచ్చి కూర్చుని, ఏడుస్తూనే ఊళ్లోవాళ్ల వ్యాపారాల కాల్సు కలిపాను. నాకు వినబడుతుండగానే స్టేషన్లో రైలు కూసి వెళ్లిపోయింది.

కోసిగిలో మా అన్న ఆ రైలుకు ఎదురొచ్చాడు. నేను దిగలేదు. అది మండువేసవి, శవాన్ని ఇంకా ఉంచుకోలేమని పాస్టరుగారు ప్రార్థన చేయించి సమాధి చేయించారు. నేను చేరింది మర్నాడు. అమ్మ ముఖం నేను చూడలేదు. తడి ఆరని మట్టి చూశాను.

ఇదంతా గ్రూపులో వాయిస్ మెసేజ్‌గా చెప్పాను. కాసేపటికి చూస్తే నా మెసేజ్ లేదు. అడ్మిన్ తీసేశాడని ఒక ముక్క మాత్రం ఉంది. వెంటనే అతనికి ఫోన్ చేశాను.

"ఏమప్పా, నా మాట ఎందుకు తీసేస్తివి?"

"అక్కా, పెద్దాయన చూస్తే బాధపడతాడు. సన్మానం పెట్టుకోని ఇప్పుడెందుకక్కా ఈ పాతయి?"

"పాతయైతే పోస్టులో నువ్వెందుకు ఎత్తితివి మరి? మా అమ్మ సావును ఆయన గొప్పకు వాడుకుంటాండారే, నాకు బాధ ఉండదా?"

"నిన్ను పొగిడినాం గదక్కా, తిట్టలేదు గదా!"

ఇక అతనితో మాట్లాడాలనిపించలేదు.

మధ్యాహ్నం నా పక్క బోర్డు ఆమె ఫోన్ చేసింది. నా వాయిస్ తీసేయకముందే విన్నదట.

"అక్కా, నీకు తెల్దేమో. నువ్వు ఏడ్చుకుంటా వచ్చి కూర్చున్నాక నేను సారు దగ్గరికి పోతి. రెండు బోర్డులూ నేనే చూసుకుంటా, అక్కను పంపీండి సార్ అంటి. నీ పని నువ్వు చూసుకో అనె."

ఇన్నేళ్లూ నా బోర్డు చూసేవాళ్లు లేకనే ఆయన పంపలేదనుకున్నాను. చూస్తానన్న మనిషి పక్కనే ఉండింది. పంపకూడదనే పంపలేదు. అది విన్నాక నాకు కోపం రెట్టింపయింది.

"ఈ మాట గ్రూపులో చెప్తావా చెల్లీ?" అన్నాను. "చూస్తాలే అక్కా" అని పెట్టేసింది. చెప్పదులే అనుకున్నాను.

సాయంత్రం ఆ పెద్దాయనే ఫోన్ చేశాడు. గొంతు పలచబడింది. "ఏమ్మా, నీకేదో మనసు కష్టమైందంట. నాకైతే గుర్తు లేదమ్మా. జరిగింటే జరిగిండొచ్చు. అప్పటి రూల్సు అట్లుండె. సన్మానానికి వస్తాండావు గదా?"

"నాకు గుర్తుండాది సార్. పక్కనామె రెండు బోర్డులూ చూస్తాననింది. అది ఏ రూల్లో ఉండె?"

"వయసైపోయిందమ్మా నాకు" అన్నాడు.

"మా అమ్మకు ఈ వయసు రాలేదు సార్. నేను రాను" అని పెట్టేశాను. క్షమించమన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

ఫోన్ పక్కన పెట్టబోతుంటే గ్రూపులో కొత్త మెసేజ్. నా పక్క బోర్డు ఆమె రాసింది: "అక్క బోర్డు వదల్లేదు అనేది అబద్ధం. వదలనీయలేదు. నేను చూసినాను." ఎవరూ దండం పెట్టలేదు, చప్పట్లు కొట్టలేదు. ఇంకొకరెవరన్నా తోడు మాట్లాడేలోపల అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపును బిగించేశాడు దాన్ని నడిపే ఆ మనిషి. ఏ తొందరలో ఉన్నాడో, ఆమె మాట మాత్రం తీసేయడం మరిచిపోయాడు.

సన్మానం ఘనంగా జరిగింది. ఫోటోలు వచ్చాయి. గ్రూపులోంచి వెళ్లిపొమ్మని మా ఇంట్లోవాళ్లు అంటున్నారు. నేనెందుకు పోవాలి? అంకితభావమని రాసిన ఆ పోస్టు తీసేసిన రోజు ఆలోచిస్తాను.