తేడా తెలియని గ్లాసు

పెయింట్ల షాపులో రంగులు కలిపే ఆమెను ఆ వీధి మొత్తం రంగులక్క అనే పిలుస్తుంది. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదంటే కోతలు కోసినట్టే. ఆమె మొగుడు కాస్త తీరిగ్గా ఆలోచిస్తే చెప్పగలడు. ఆమె పని పైకి చూస్తే ఏమంత లేదు. ఎవరింట్లోనో గోడ పెచ్చు ఊడుతుంది. దాన్ని కాగితంలో చుట్టుకుని తెస్తారు. ఆమె దాన్ని ట్యూబులైటు కింద చూడదు, గుమ్మం దగ్గరికి పట్టుకెళ్లి పగటి వెలుతురులో తిప్పి తిప్పి చూస్తుంది. తర్వాత తెల్ల రంగులో కాస్త పసుపు, చుక్క నలుపు, సూదిమొనంత ఎరుపు వేసి కలిపి, అట్టముక్క మీద పూసి ఆరేదాకా ఆగుతుంది. తడి మీద రంగు అబద్ధం చెబుతుందని ఆమె సిద్ధాంతం. ఆరిన అట్ట మీద పెచ్చును పెడితే, ఆ పెచ్చు ఎక్కడుందో వెతుక్కోవాలి. అప్పుడు గానీ ఆమె డబ్బా మూత బిగించదు.

షాపు యజమాని ఆ మధ్య రంగులు కలిపే మిషన్ ఒకటి కొన్నాడు. రంగులక్క దానికి కొత్తల్లుడికిచ్చినంత మర్యాద ఇస్తుంది, పని మాత్రం చెప్పదు. ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుపడే రకం కూడా కాదు. "పాతదానికీ కొత్తదానికీ తేడా తెలిసిందా, డబ్బా వెనక్కి తెచ్చెయ్యండి" అంటుంది. ఇంతవరకు ఒక్కరూ తేలేదు. ఇంట్లోనూ అదే పట్టు. దుప్పటి మడిస్తే అంచుకి అంచు కలవాలి. అడ్డదిడ్డంగా చేసిన పని కంటపడితే ఆమెకు ముద్ద దిగదు. ఇలాంటి మనిషితో కాపురం కత్తి మీద సామే గానీ, లిఫ్టులు బాగుచేసే ఆమె మొగుడు ఇన్నేళ్లుగా ఆ సాము నవ్వుతూనే చేస్తున్నాడు.

వోడ్కాతో నిమ్మ కాక్‌టెయిల్ చెయ్యడం ఆమెకు నేర్పింది ఒక హోటల్ బార్‌లో డ్రింకులు కలిపే పెద్దాయన. ఆ బార్ గోడ మీద నీళ్లు కారి పెద్ద మచ్చ పడితే, అక్కడి లేత పసుపుకి సరిపడా రంగు కలపమని ఈమెను పిలిపించారు. మచ్చ మాయమయ్యాక పెద్దాయన గోడను చేత్తో తడిమి చూసి, "అమ్మా, నీ విద్య చూపించావు. నాది కూడా చూసి వెళ్లు" అని నిలబెట్టి మరీ నేర్పాడు.

అప్పటినుంచి శనివారం సాయంత్రం వంటింట్లో ఆ పని ఒక క్రమంలో జరుగుతుంది. ముందు నిమ్మకాయ పైతొక్క పలచగా చెక్కుతుంది. కింద ఉన్న తెలుపు రవ్వంత వచ్చినా చేదెక్కుతుంది కాబట్టి కత్తిని దాదాపు పడుకోబెట్టి నడుపుతుంది. ఆ తొక్కలో చక్కెర పోసి వేళ్లతో నలుపుతుంది. నలిపేకొద్దీ తొక్కలోని నూనె చక్కెరకి పట్టి, అది తడితడిగా పసుపురంగుకి తిరుగుతుంది. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. దాని మీద నిమ్మరసం పిండి, చక్కెర కరిగాక టీ వడపోసే జల్లెడతో వడపోస్తుంది. అందులో వోడ్కా పోసి, ఐసు వేసి, మూత బిగిసే స్టీలు సీసాకి తువ్వాలు చుట్టి, సీసా చల్లదనం వేళ్లను కొరికేదాకా ఊపుతుంది. గ్లాసు అంచుకి చక్కెర అద్దడంలోనూ కిటుకుంది. బయటి అంచుకే అద్దాలి. లోపలికి రాలితే తాగేకొద్దీ తీపెక్కి పులుపు చచ్చిపోతుంది.

మనిషికి ఒక్క గ్లాసే. తాగేది ముగ్గురు. రంగులక్క, ఆమె మొగుడు, కింద వాటాలో ఉండే ఆడపడుచు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఊళ్లోవాళ్ల మాటలు వినీ వినీ ఇప్పుడు తన మాటలు అందరికీ వినిపిస్తోందని రంగులక్క మొగుడు వేళాకోళం చేస్తుంటాడు. మొదటి గుక్క మింగి ఆవిడ కళ్లు మూసుకుని, "అమ్మాయ్, నువ్వు పెయింట్లలో పడి చెడిపోయావు గానీ" అంటుంది. ప్రతివారం అదే మాట. ప్రతివారం రంగులక్క దాన్ని కొత్తగా వింటుంది.

ఇలా కడుపులో చల్ల కదలకుండా సాగుతున్న ఇంటికి తమ్ముడు వచ్చాడు.

రంగులక్క తమ్ముడు టైల్స్ వేసే మేస్త్రీ. అక్క చేతిలో ఉన్న పట్టే వాడి చేతిలోనూ ఉండేది. గది ఈ మూల నుంచి ఆ మూలకి దారం పట్టుకుంటే ఒక్క గీత తప్పేది కాదు. తర్వాత తాగుడు పట్టుకుంది. దారం వదిలేశాడు, పని వదిలేశాడు, చివరికి పెళ్లాం కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. మాన్పించే ఆసుపత్రిలో కొన్ని నెలలుండి, బుగ్గలు పీక్కుపోయి, కళ్లు మాత్రం తేటపడి, చేతిసంచీతో అక్క గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్లాం ఒక్కటే మాట చెప్పిందట. కొన్నాళ్లు చూస్తాను, ఈలోగా ఒక్క చుక్క ముట్టావని తెలిసినా ఇక నా మొహం చూడొద్దు అని.

"శనివారాలు మానేద్దాం" అన్నాడు రంగులక్క మొగుడు వెంటనే. "మనకేమన్నా ప్రాణం మీదికొచ్చిందా."

తమ్ముడు ఒప్పుకోలేదు. "బావా, నాకోసం మీరు సీసా దాచేస్తే నేనింకా ఆసుపత్రిలో ఉన్నట్టే. బజారు నిండా కొట్లున్నాయి, అవన్నీ ఎవరు మూయిస్తారు? మీరు తాగండి. నేను పక్కన కూర్చుంటాను. కూర్చోవడం నాకు రావాలి."

మాట బాగుంది గానీ, ఆ శనివారం మాత్రం మింగలేక కక్కలేక గడిచింది. తమ్ముడి ముందు మంచినీళ్ల గ్లాసు ఉంది. బావ తన గ్లాసుని పూలకుండీ వెనక పెట్టుకున్నాడు. ఆడపడుచు మొదటి గుక్కకి కళ్లు మూసుకోలేదు, మామూలు మాటా అనలేదు. తమ్ముడు ఆ నీళ్లు తాగకుండా గ్లాసు కింద తడిని వేలితో తుడుస్తూ కూర్చున్నాడు. పెళ్లికొచ్చి పెరట్లో నిలబడ్డవాడిలా ఉన్నాడు పిచ్చి సన్నాసి అనుకుంది రంగులక్క. వాడి చేతిలోనూ ఇలాంటి గ్లాసే ఉండాలని ఆ క్షణాన నిర్ణయించుకుంది. వోడ్కా లేకుండా, కానీ తేడా తెలియకుండా.

ఇక ఆ వారం చూడాలి ఆమెని. షాపు నుంచి రాగానే చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు విడిచి వంటింట్లో దూరేది. తీపీ పులుపూ ఆమెకు లెక్కే కాదు. వోడ్కా గొంతులో దిగేటప్పుడు ఉండే ఆ మంట ఎక్కడినుంచి తేవాలి? అల్లం పిండి చూసింది. మంట వచ్చింది గానీ అల్లం వాసన దొరికిపోయింది. మిరియాలు దంచి నీళ్లలో నానబెట్టింది. అది నాలుక మీద మండి ఊరుకుంది, గొంతులోకి దిగలేదు. రెండూ కలిపి, అల్లం వాసన తెలియకుండా నారింజ తొక్క వేసింది. మందు తాగాక నోట్లో మిగిలే ఆ ఆరిపోయినట్టుండే చేదు కోసం, ఎన్నడూ కత్తికి తగలనివ్వని నిమ్మతొక్క తెలుపుని కావాలనే కాస్త గీకి కలిపింది. ఒక పక్క అసలు గ్లాసు, ఒక పక్క కొత్త గ్లాసు. దీన్ని ఒక చుక్క, నోరు పుక్కిలించి దాన్ని ఒక చుక్క.

"ఏమోయ్, కాస్త నన్ను కూడా పట్టించుకో, అసలు గ్లాసులు ఖాళీ చెయ్యడానికి నేనున్నాను" అన్నాడు మొగుడు గుమ్మంలోంచి.

"మీరు పనికిరారండీ. మీకు ఏదిచ్చినా బాగుంటుంది" అంది ఆమె.

శుక్రవారం ఆడపడుచుని పిలిచి, రెండు గ్లాసులు ముందు పెట్టి ఏది ఏదో చెప్పమంది. ఆవిడ ఇది తాగి, అది తాగి, మళ్లీ ఇది తాగి, "నాతో ఆటలాడుతున్నావా? రెండూ ఒకటే కదా" అంది. రంగులక్క మొహం చాటంతైంది. తన జీవితంలో అంతకంటే మంచి జోడీ కలపలేదని ఆమెకు తెలుసు.

శనివారం నాలుగు గ్లాసులు వచ్చాయి. నాలుగింటి అంచున చక్కెర, నాలుగింటిలో లేత పసుపు. తమ్ముడి గ్లాసు వాడి చేతికే ఇస్తూ, "నీది వేరేరా. ఇందులో చుక్క లేదు, నిశ్చింతగా తాగు" అంది.

తమ్ముడు నవ్వాడు. వచ్చాక అంత నవ్వు అదే మొదలు. బావ ఈసారి తన గ్లాసుని కుండీ వెనక దాచకుండా బల్ల మధ్యలో పెట్టాడు. ఆడపడుచు కళ్లు మూసుకుంది. తమ్ముడు ఒక గుక్క తాగాడు.

వాడి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. గ్లాసు కింద పెట్టబోతే అది బల్ల అంచుకి తగిలి ఒలికింది. లేచి సింకు దగ్గరికెళ్లి ఉమ్మేశాడు, పుక్కిలించాడు, మళ్లీ పుక్కిలించాడు.

"అక్కా, ఇది మందే."

"కాదురా. ఒట్టు. నేనే చేశాను, అల్లం, మిరియాలు..."

"నా నాలుకకి తెలియదా?" అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. తలుపు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

మొగుడు లేవబోతే రంగులక్క చేత్తో ఆపి తనే వెళ్లింది. వీధి చివర మలుపులోనే మందు కొట్టు ఉంది. మెట్లన్నీ దిగి చూస్తే, తమ్ముడు వీధిలోకి వెళ్లలేదు. ఆఖరి మెట్టు మీద, సైకిళ్లు పెట్టే చోట, పక్కనున్న ఇనప కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. పిల్లవాడు రైల్లో కిటికీ ఊచలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుంది.

"నమ్ము నాయనా. నీకు నేను విషం పెడతానా?"

"నమ్ముతున్నానక్కా. నువ్వు అబద్ధం చెప్పవు. అందులో లేదు, సరే. కానీ లోపలున్నవాడికి ఆ సంగతి తెలియదు కదా. ఒక్క గుక్క లోపలికెళ్లిందో లేదో లేచి కూర్చున్నాడు. ఇంకో గ్లాసు తెమ్మంటున్నాడు. ఇప్పుడు కూడా అంటున్నాడు."

వారమంతా ఎంత మురిసిపోయిందో ఆమెకు గుర్తొచ్చింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. దాచుకోలేదు.

"ఏడవకక్కా. నువ్వు తేడా తెలియకుండా చేశావు. నీకంటే బాగా ఎవరూ చెయ్యలేరు" అన్నాడు తమ్ముడు కడ్డీ వదలకుండానే. "నాకు ఆ తేడానే కావాలి. నోట్లో పెట్టుకోగానే ఇది అది కాదు అని తెలియాలి. ఎంత తెలిస్తే అంత మంచిది నాకు."

కాసేపటికి వాడి చేతులు కడ్డీ మీంచి జారాయి. ఇద్దరూ మెట్లెక్కారు. బల్ల దగ్గర బావా, ఆడపడుచూ ఉన్నచోటే కూర్చుని ఉన్నారు. గ్లాసులు ముట్టుకోలేదు. ఒలికింది మాత్రం ఆడపడుచు తుడిచేసింది.

"కూర్చోరా, ఒక్క నిమిషం" అని రంగులక్క వంటింట్లోకి వెళ్లింది.

మామూలు నీళ్ల గ్లాసు ఒకటి తీసింది. చెయ్యి అలవాటుగా జల్లెడ మీదికి పోయింది, వెనక్కి లాక్కుంది. నిమ్మకాయ అడ్డంగా కోసి, తొక్కతో సహా పిండేసింది. గింజలు టపటపా గ్లాసులో పడ్డాయి. తీద్దామని వేలు పెట్టబోయి మానుకుంది. చక్కెర చెంచాతో ఎత్తి, ఎంతో చూడకుండా పోసింది. కుళాయి నీళ్లు పట్టింది. ఐసు వెయ్యలేదు. ఒకసారి కలిపి వదిలేసింది. చక్కెర సగం అడుగునే ఉండిపోయింది. రంగు మురికిగా ఉంది. ఈ పనికి పట్టినంత కష్టం, ఆ వారమంతా పడ్డ పాట్లకి కూడా పట్టలేదామెకు. చేతిలో పట్టుకుని తేవాలంటే సిగ్గేసింది. అయినా తెచ్చింది. నలుగురి ముందూ వాడి చేతికిచ్చింది.

ఆడపడుచు ఆ గ్లాసుని చూసి నోరు తెరవబోయింది. రంగులక్క మొగుడు బల్ల కింద ఆవిడ కాలు తొక్కాడు.

తమ్ముడు వాసన చూసి, ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించాడు. నోట్లోకొచ్చిన గింజని తీసి పళ్లెం అంచున పెట్టాడు.

"చాలా పుల్లగా ఉంది" అన్నాడు.

"చక్కెర కిందే ఉండిపోయింది."

"నీళ్లు వెచ్చగా ఉన్నాయి."

"అవును. ఐసు వెయ్యలేదు."

తల ఊపి, మిగతాది గటగటా తాగేశాడు. భుజాలు దిగాయి. బావ ఏమీ జరగనట్టు ఆసుపత్రి లిఫ్టులో ఇరుక్కుపోయిన డాక్టరు కథ మొదలుపెట్టాడు. తమ్ముడు విన్నాడు, మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా. కథ అయ్యాక ఖాళీ గ్లాసు అక్క వైపు జరిపాడు.

"ఇంకొకటియ్యక్కా. ఇలాగే."

రంగులక్క మళ్లీ వంటింట్లోకి వెళ్లి ఇంకో నిమ్మకాయ తీసుకుంది. రెండోసారి మరీ కష్టమైంది. గింజలు ఒక్కొక్కటీ రాలుతుంటే చెయ్యి తనంతట తానే వాటికి అడ్డం వెళ్తోంది. దాన్ని పక్కకి తీసి, నిమ్మకాయ గట్టిగా పిండింది.