షోకీలా అన్న

మొన్న మా మనుమడు దోస్తు పెళ్లికి తయారై, అరగంట అద్దం ముందు నిలబడి, "ఎట్లున్న నానమ్మా?" అని అడిగాడు. మండుటెండలో కోటు, కాళ్లకు తెల్ల సాక్సులు. "షోకీలా" అనబోయి నోరు మూసుకున్నాను. ఆ మాట నేను ఎవరినీ అనక నలభై అయిదేళ్లు దాటింది.

మా అన్న సిద్దిపేటలో బట్టల దుకాణంలో గుమస్తా. బాపు పోయాక ఇంటికి పెద్ద దిక్కు ఆయనే. ఉన్నట్టుండి ఒక ఏడు ఆయనకు షోకు పట్టుకుంది. ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా గుండీలు పెట్టిన చొక్కా, మెడకు రుమాలు, తెల్ల సాక్సులు, బూట్లు. మా గల్లీలో మాటలకు కరువా? టిప్పుటాపు అన్నారు, సోకులరాయుడు అన్నారు, పక్కింటి తురక చాచా నవాబ్‌సాబ్ అని సలాము కొట్టేవాడు. అమ్మ అయితే "పైన పటారం, లోన లొటారం" అని గొణిగేది. అందరికంటే ఎక్కువ అన్నది నేనే, నాకు నోరెక్కువ. అన్న నవ్వి, కాలరు సర్దుకుని దుకాణానికి వెళ్లిపోయేవాడు.

నా పెళ్లిలో ఒడిబియ్యం పోయడానికి వచ్చినప్పుడు బూట్లు విప్పాడు గాని సాక్సులు విప్పలేదు. పందిట్లో ఎక్కడో మేకు దిగినట్టుంది, తెల్ల సాక్సు ఎర్రగా తడిసిపోయింది. ఆయన మాత్రం నవ్వుతూ దోసిళ్లతో నా ఒడిలో బియ్యం పోస్తున్నాడు.

"నెత్తురు కారుతున్నా నీ షోకు ఇడ్సిపెట్టవా?" అని అందరి ముందూ కసిరాను. చుట్టాలు పగలబడి నవ్వారు. అన్న కిందికి చూసుకుని, అప్పుడే తెలిసినట్టు తెల్లబోయాడు.

నేను అత్తగారింటికి వెళ్లిన నెలకు ఆయన తనంతట తానే దవాఖానకు వెళ్లాడు. కుష్ఠు. మచ్చలు వచ్చి మూడేళ్లయిందట, అరికాళ్లకు స్పర్శ ఎప్పుడో పోయిందట. మొదట్లోనే వచ్చి ఉంటే కాళ్లూ చేతులూ చెడకముందే మందులతో నయమయ్యేదని డాక్టరు చెప్పాడు. ఆ మందులు ఊరికే ఇచ్చేవారు. కాని ఆ వరుసలో నిలబడితే ఊరంతా చూస్తుంది.

చూడడానికి వెళితే, వంకరపోయిన వేళ్లు దుప్పటి కింద దాచుకున్నాడు.

"ఎందుకు చెప్పలే అన్నా?"

"షోకీలా అంటే నాకేం పాయె చెల్లె? గా ఇంకో మాట అంటే నిన్నెవడు చేసుకుంటుండె?"

రెండేళ్లకు కాలి పుండు విషమించి పోయాడు. ఆ చొక్కాలు ఎవరూ ముట్టకపోతే అమ్మే పెరట్లో కాలబెట్టింది.

"చక్కగున్నవు బిడ్డా" అన్నాను మనుమడితో. నా పెళ్లి కోసం అన్న పోగొట్టుకున్నవి మూడేళ్లు. ఆ మూడేళ్లూ నేను ఆయన్ని చూసి నవ్వుతూ గడిపాను.