ఎడమ స్పీకరు మీద నింద

మనిషన్నాక ఒకచోట కుదురుగా కూర్చోవాలా వద్దా? చెవి మేస్త్రికి మాత్రం ఆ యోగం లేదు. అన్నం మధ్యలో లేస్తాడు, కుళాయి కట్టేసి వస్తాడు, నిజంగానే కట్టేశానా అని మళ్ళీ వెళ్తాడు. కాలు కాలిన పిల్లి అయినా ఎప్పుడో ఒకప్పుడు పడుకుంటుంది గానీ, ఈయన పడుకున్నాక కూడా పాదాలు ఆడిస్తూనే ఉంటాడు. అలాంటి మనిషి ఒక్క పని దగ్గర మాత్రం కదలకుండా నిలబడతాడు. అది బండి ఇంజను వినడం.

కార్లు బాగుచేసే షెడ్లు వీధికొకటి ఉన్నాయి. చెవి మేస్త్రి అనే పేరు మాత్రం ఈయన ఒక్కడికే ఉంది. బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనని ఇంజను మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. చుట్టూ ఎవరూ కిక్కురుమనకూడదు. కాసేపటికి కళ్ళు తెరిచి రోగం పేరు చెప్తాడు. విప్పి చూస్తే అదే ఉంటుంది. ఇందులో ఇంకో నియమం కూడా ఉంది. బండి తెచ్చినవాళ్ళు తమంతట తాము రోగం చెప్పకూడదు. "ఇదిగో, ఇక్కడ టకటకమంటోంది మేస్త్రీ" అని ఎవరైనా నోరు తెరిచారో, "అన్నీ తెలిసినవాడివి నువ్వే బాగుచేసుకో, నా దగ్గరికి దేనికొచ్చావ్?" అని తాళాలు తిరిగి చేతిలో పెడతాడు. పొగరు కాదా అంటే పొగరే. చెయ్యి తిరిగినవాడి పొగరుని జనం భరిస్తారు, కొంతమందైతే ముచ్చటపడతారు కూడా.

ఆ ముచ్చటకి ఈమధ్య చిల్లు పడింది. స్కూలు పిల్లల్ని దింపే వ్యాను ఒకటుంది. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ వ్యానమ్మ అంటారు. ఆవిడ వచ్చి, నియమం సంగతి తెలిసి కూడా, "ఎడమవైపు ముందు చక్రం దగ్గర సన్నగా కీచుమంటోంది మేస్త్రిగారూ" అంది. మేస్త్రి మొహం చిట్లించి, వ్యాను తనే నడుపుకుంటూ వీధి చుట్టి వచ్చాడు. "ఏం లేదు" అన్నాడు. కొన్నాళ్ళకి ఆవిడ మళ్ళీ వచ్చింది. మేస్త్రి మళ్ళీ నడిపాడు, మళ్ళీ ఏం లేదన్నాడు. ఆవిడ కదలకుండా నిలబడేసరికి ఒళ్ళు మండి, "కీచుమనేది బండిలో కాదమ్మా, నీ బుర్రలో" అన్నాడు. షెడ్డులో ఉన్న డ్రైవర్లంతా పగలబడి నవ్వారు. వ్యానమ్మ ఎర్రబడ్డ మొహంతో వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళింది గానీ, ఆ మాట మేస్త్రిని వదల్లేదు. నిజంగా ఏమీ లేదా? ఉండీ తనకి వినపడలేదా? ఛ, వినపడకపోవడం ఏమిటి! ఈ చెవే పోతే ఇక తన దగ్గర మిగిలేదేముంది? రెంచీ తిప్పేవాళ్ళకి కొదవా? ఆ ఆలోచన రాగానే లేచి ఏదో ఒక పని వెతుక్కునేవాడు. వెతగ్గా వెతగ్గా దొరికిందే స్టీరియో.

మేస్త్రికి సొంత కారొకటి ఉంది. పాతదే అయినా పెళ్ళికూతురిలా చూసుకుంటాడు. అందులో పాటలు ఈమధ్య పేలవంగా, ఎండిన రొట్టె నమిలినట్టు వినపడుతున్నాయి. పాడేవాళ్ళ గొంతులో జీవం లేదు. స్టీరియో చచ్చిందని తేల్చేశాడు.

"బాగానే పాడుతోందిగా, దానికేమయింది?" అంది భార్య.

"నీకు పాటకీ ప్రెషర్ కుక్కరుకీ తేడా తెలీదు. ఊరుకో."

"అయినా ముందు మీ చెవి చూపించుకోండీ అని ఎన్నాళ్ళనుంచి మొత్తుకుంటున్నాను?"

"నువ్వు గొణుగుతావు గనక నాకు వినపడదు. నా చెవికేం, రాయిలా ఉంది!"

"రాయిలాగే ఉంది" అంది ఆవిడ. ఆ మాట కూడా ఆయనకి వినపడలేదు.

ఇక మొదలైంది తిరుగుడు. తాకితే పలికే తెర ఉన్న స్టీరియో కావాలి, తక్కువలో రావాలి. కారు సామాన్లమ్మే వీధిలో అలాంటివి కుప్పలు. ఒక్కో డబ్బా మీద రాసిన గొప్పలు చదివితే అది పాటలు పాడటమే కాదు, బట్టలు కూడా ఉతుకుతుందేమో అనిపిస్తుంది. మొదటి కొట్టువాడు గోడకి తగిలించే టీవీ అంత తెర చూపించాడు. మేస్త్రి దాన్ని ఎండలోకి తీసుకెళ్ళి చూస్తే అందులో తన మొహం తప్ప ఇంకేమీ కనపడలేదు. ఇంకోటి ఆన్ చేస్తే, అది మేలుకునేలోపు టీ తాగి రావచ్చు. మరోదాని తెర మీద వేలు పెడితే, కాసేపు ఆలోచించుకుని పక్క బొమ్మ తెరుస్తుంది.

"సౌండ్ పెంచడానికి గుండ్రంగా తిప్పే నాబ్ ఏదయ్యా?" అన్నాడు మేస్త్రి.

"అంతా టచ్చేనండీ! ఇప్పుడు నాబ్‌లు ఎవరు వాడుతున్నారు?"

"గుంతలో పడ్డప్పుడు తెరమీద చుక్కని వెతుక్కుంటూ కూర్చోవాలా? బండి నడపాలా, బొమ్మలాట ఆడాలా?"

ఇదంతా న్యాయమైన గోలే. తగువంతా పాట పెట్టాకే. ఏ సెట్టు పెట్టినా, "బొంగురు" అనేవాడు. రెండో కొట్టులో నాబ్ ఉన్న సెట్టే దొరికింది. బిగించుకుని ఇంటికొచ్చి, మర్నాడే ఊడబీకించి, కొట్టువాడితో పోట్లాడి తిరిగిచ్చేశాడు. దాంట్లోనూ పాట ఎండిన రొట్టే. నిద్ర లేదు, తిండి సహించదు. షెడ్డులో సగం విప్పిన బండిని వదిలేసి కొట్ల చుట్టూ తిరగడం. చూసి చూసి భార్యకి విసుగు పుట్టి, "ఇవాళ నేనూ వస్తాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వ్యవహారం. అటో ఇటో తేల్చుకుని వద్దాం" అని చెప్పులేసుకుంది.

మూడో కొట్టు నడిపేది ఒక అమ్మాయి. జుట్టు పైకి ముడేసి, చెవి వెనక టెస్టర్ దోపుకుని, మాటల్లో మొహమాటం లేని పిల్ల. మేస్త్రి చెప్పిందంతా విని, "బాబాయ్, కొట్లో వింటే ఏమీ తెలీదు. మీ కారులోనే విందాం" అని డ్యాష్‌బోర్డు మూత పీకింది. ఉన్నవాటిలో తక్కువ రకం, నాబ్ ఉన్న సెట్టొకటి వైర్లకి తగిలించి వేలాడదీసి, మేస్త్రి భార్య ఫోన్ దానికి కలిపింది. మేస్త్రి డ్రైవరు సీట్లో, భార్య పక్కన ఎడమ సీట్లో, అమ్మాయి తలుపు బయట నిలబడింది. పాట మొదలైంది.

"చూశావా, బొంగురు!" అన్నాడు మేస్త్రి, దొరికిపోయిన దొంగని చూపించినట్టు.

"నాకేం బొంగురుగా లేదే" అంది అమ్మాయి. "ఉండండి." తెర మీద వేలితో రెండుమూడు చోట్ల తట్టింది. కారు బొమ్మ వచ్చింది, నాలుగు సీట్లు, మధ్యలో ఒక చుక్క. "ఈ చుక్క ఎటు జరిపితే పాట అటు పోతుంది బాబాయ్. ఒక్కో స్పీకరు విడిగా చూద్దాం." చుక్కని కుడి అంచుకి లాగింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు బావుంది!" మేస్త్రి మొహం వెలిగింది. ఎన్నాళ్ళకి విన్నాడు ఆ గొంతుని!

చుక్కని ఎడమకి లాగింది. పాట గోడ అవతలికి వెళ్ళిపోయింది.

"పోయింది! అదీ సంగతి. స్టీరియో తప్పు కాదు, ఎడమ స్పీకర్లు రెండూ చచ్చాయి. కొంచెం పెంచు... ఇంకా పెంచు..."

అమ్మాయి నాబ్ తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. మేస్త్రి పక్కకి తిరిగి చూస్తే, భార్య రెండు చెవుల్లోనూ వేళ్ళు దూర్చుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. రోడ్డు మీద వెళ్తున్నవాళ్ళు ఆగి చూస్తున్నారు.

ఇంకొకడైతే కొట్టుమీద అరిచి వెళ్ళిపోయేవాడేమో. మేస్త్రి మేస్త్రే గదా. ఒక చోట లోపం ఉందనుకుంటే దాన్ని అటుదిటు మార్చి చూడటం ఆయన చేతికి అలవాటు. చుక్కని ముట్టుకోవద్దని సైగ చేసి, సీట్లో మోకాళ్ళ మీద లేచి, చిన్నపిల్లాడిలా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. అంతే! చచ్చిన స్పీకర్లు ఒక్కసారి గొంతెత్తి పాడాయి. ముందుకి తిరిగాడు, గోడ అవతల. మళ్ళీ వెనక్కి తిరిగాడు, చెవి చిల్లులు పడేంత పాట. మూడోసారి తిరగలేదు. తిరగడానికి భయమేసింది.

"ఆపెయ్యమ్మాయ్" అన్నాడు.

కళ్ళు తెరిచిన భార్య ఆయన మొహం చూసి, తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ మింగేసింది. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "పోనీలెండి, డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది.

"డాక్టరు తర్వాత. వ్యాను!" అన్నాడు మేస్త్రి. "ఆ వ్యాను నేనే కూర్చుని నడిపాను. చప్పుడు ఎడమ చక్రానిది. నా ఎడమ చెవి..." మాట పూర్తి కాకుండానే తాళం తిప్పాడు. "బడి వదిలే వేళయింది!"

"బాబాయ్, నా సెట్టు!" అని అమ్మాయి వెంటపడింది.

"ఎక్కడికీ పోదులే అమ్మా, తెచ్చిస్తాం" అని భార్య కిటికీలోంచి అరిచింది.

దారంతా ఎర్రలైట్లే. అడ్డమొచ్చిన ప్రతివాణ్ణీ మేస్త్రి తిట్టాడు, ఆ తర్వాత తనని తాను తిట్టుకున్నాడు. ఎక్కడో ఒక పసిగొంతు ఏడుస్తున్నట్టు అనిపించి తల బయటపెట్టాడు. చూస్తే ఐస్‌క్రీమ్ కోసం పేచీ పెడుతున్న పిల్ల.

బడి గేటు దగ్గర వ్యాన్లు వరసగా నిలబడి ఉన్నాయి. వ్యానమ్మ బండిలో పిల్లలు సగం ఎక్కేశారు. మేస్త్రి కారుని అడ్డంగా ఆపి దిగి, "దించు! అందర్నీ దించు!" అని కేక పెట్టాడు.

వ్యానమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎందుకు దించాలి? ఏం లేదని మీరేగా అన్నారు, ఒకసారి కాదు, రెండుసార్లు?"

"కీచుమంటోందన్నావే, ఇప్పుడెలా ఉంది?"

"ఏమో. నాదే భ్రమ అనుకున్నా. అది వినపడకుండా పాటలు గట్టిగా పెట్టుకుని నడుపుతున్నా."

చుట్టూ డ్రైవర్లు పోగయ్యారు, ఆ రోజు షెడ్డులో నవ్వినవాళ్ళే. ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. కొత్త పరికరం వచ్చింది, ఊరికే ఒకసారి చూస్తానని అంటే ఎవరూ అడగరు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నాకు ఎడమ చెవి వినపడదు" అన్నాడు. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాడు. "నాకు ఎడమ చెవి వినపడదమ్మా. నీ బుర్రలో కాదు, బండిలోనే ఉంది. పిల్లల్ని దించు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పిల్లలు దిగారు. ఒక డ్రైవరు జాకీ తెచ్చాడు. ముందు చక్రం నేల వదిలాక, మేస్త్రి దాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. అది ఊడబోయే పాలపన్నులా కదిలింది. బేరింగ్ పొడి అయిపోయి ఉంది. ఇంకో రెండు ట్రిప్పులు తిరిగితే చక్రం చక్రంలా ఉండేది కాదు. మేస్త్రి అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

"నాకే పిచ్చెక్కిందేమో అనుకున్నాను మేస్త్రిగారూ" అంది వ్యానమ్మ. ఆవిడ కళ్ళలో నీళ్ళు. "ఇంట్లోవాళ్ళు కూడా అదే అన్నారు."

మేస్త్రి తల దించుకున్నాడు. పిల్లల్ని మిగతా వ్యాన్లలో సర్దారు. అందరూ కదిలాక, మేస్త్రి లేచి ప్యాంటు దులుపుకోకుండానే కారులో కూర్చున్నాడు.

"ఇదొక్కటే కాదే" అన్నాడు భార్యతో. "ఏం లేదని పంపేసినవి ఇంకా ఉన్నాయి. ఫోన్ చెయ్యి."

వేలాడుతున్న స్టీరియో తెర మీద భార్య ఒక్కో పేరూ వెతికి నొక్కింది. మొదటివాడితో చెప్పేటప్పుడు మేస్త్రి నత్తినత్తిగా చెప్పాడు. రెండోవాడు, "అయ్యో, మీకా మేస్త్రీ!" అని జాలిపడితే, ఆ జాలి ఆయనకి తిట్టుకంటే గట్టిగా తగిలింది. మూడోది రొట్టెలు సరఫరా చేసే బండతను. రింగు చాలాసేపయ్యాక ఎత్తాడు. స్పీకర్లలోంచి గాలిహోరు.

"నాకు ఎడమ చెవి వినపడదయ్యా. నీ బండి మళ్ళీ చూడాలి. ఏదైనా చప్పుడు వస్తోందా?"

"వస్తోంది మేస్త్రీ. బ్రేకు తొక్కితే కిందెక్కడో గీరుతోంది. చెప్తే తిడతారని ఊరుకున్నా."

"ఎక్కడున్నావ్?"

"ఇప్పుడే కొండ దిగుతున్నా."

"దిగొద్దు! పక్కకి తీసి ఆపు, గేర్లోనే ఉంచి చక్రాల కింద రాళ్ళు పెట్టు. నేనొస్తున్నా."

మేస్త్రి బండి స్టార్ట్ చేశాడు. భార్య వైర్లతో వేలాడుతున్న స్టీరియోని ఒళ్ళో రెండు చేతులా పట్టుకుని, మెడ చాచి రోడ్డు చూసింది.

"ఏమండీ, ఎడమవైపునుంచి లారీ వస్తోంది, ఆగండి" అంది గట్టిగా.

మేస్త్రి ఆగాడు.